షాకబ్జర్ సప్పుడు చెయ్యకుంట సస్తది

మా బావ రెండేండ్ల కింద సెకండ్ హ్యాండ్ల ఒక చిన్న కారు కొన్నడు. మీటర్ మీద 92 వేల కిలోమీటర్లు ఉన్నయి. రంగు మెరుస్తున్నది, ఏసీ సల్లగ కొడుతున్నది, పాటల డబ్బ ఊరంత వినబడుతున్నది. ఇంకేం గావాలె? బండి ఇంటికొచ్చిన వారానికే ముందటి రెండు టైర్లు కొత్తయి ఏయించిండు. ఎనిమిది నెలలు గాలె, ఆ కొత్త టైర్లు మెట్లుమెట్లుగ అరిగినయి. అలైన్‌మెంట్ చేయించిండు. రెండు నెలలకు మల్ల గదే కథ. మల్ల చేయించిండు. ఆఖరికి టైర్లు అమ్మినోన్ని తిట్టుకుంట తిరిగిండు.

ఒకనాడు పొద్దుగూకే యాల్ల కరీంనగర్ కెల్లి ఊరికొస్తున్నం. నేను ముందు సీట్ల కూసున్న. ఊరి మలుపు కాడ మేకల మంద అడ్డమొచ్చింది. బావ బ్రేక్ గట్టిగ తొక్కిండు. బండి ముక్కు కిందికి వంగింది, ఎనక భాగం లేసింది, గుంతల రోడ్డు మీద టైర్లు టకటక ఎగురుకుంట పోయినయి. ఆగింది గని ఆగాల్సిన కాడ ఆగలె. మంద కాస్తున్న పిలగానికి, మా బంపర్‌కు నడుమ జానెడు జాగ మిగిలింది. పిలగాడు ఏడ్వలె, తిట్టలె. మా దిక్కు చూసుకుంట నిలబడ్డడు. ఆ చూపు నాకు ఇప్పటికీ యాదికున్నది.

తెల్లారి మెకానిక్ దగ్గరికి పోతే బ్రేకులు ఇప్పి చూసి "ఇవి మంచిగనే ఉన్నయి" అన్నడు. చక్రం ఎనక చెయ్యి పెట్టి, నూనె అంటిన ఏళ్లు మాకు చూపెట్టిండు. "షాకబ్జర్లు ఎప్పుడో సచ్చినయి. మీకే ఎరుక లేదు" అన్నడు.

నిజమే, మాకు ఎరుక లేదు. ఇంజన్ కరాబైతే పొగొస్తది. బ్యాటరీ పోతే బండి లేవనే లేవది. టైర్ పంచరైతే పది అడుగుల్లనే తెలుస్తది. షాకబ్జర్ అట్ల కాదు. అది రోజుకు రవ్వంత అరుగుతది. నిన్నటికీ ఇయ్యాల్టికీ తేడా దొరకది. నడిపేటోని నడుము, చేతులు ఆ ఊగుడుకు మెల్లగ అలవాటు పడ్తయి. "మన రోడ్లే గట్లున్నయి" అని సర్దుకుంటం. అందుకే ఈ ముచ్చట రాస్తున్న. షాకబ్జర్ తనంతట తాను చెప్పది. మనమే పోయి అడగాలె.

అసలు స్ట్రట్టు అంటే ఏంది?

చిన్న కార్ల ముందటి చక్రాలకు ఉండే షాకబ్జర్‌ను స్ట్రట్టు అంటరు. స్ప్రింగు, షాకబ్జర్ రెండూ ఒకే కట్టగ కలిసి ఉంటయి. పైభాగం బానెట్ కింద బాడీకి బోల్టులతోని బిగిసి ఉంటది, కింది భాగం చక్రం పట్టుకునే ఇనుప ముక్కకు బిగిసి ఉంటది. ఎనక చక్రాలకు చాన చిన్న కార్లల్ల స్ప్రింగు వేరు, షాకబ్జర్ వేరు.

ఈ స్ట్రట్టును తయారు చేసింది అమెరికా ఇంజనీరు ఎర్ల్ మెక్‌ఫర్సన్. 1940లల్ల ఆయన షెవర్లే కంపెనీల తక్కువ ధర చిన్న కారు ఒకటి తయారుచెయ్యాలని పని చేసిండు. ఆ కారు మార్కెట్‌కే రాలె. ఆయన ఫోర్డ్‌కు పోయిండు. 1950ల ఇంగ్లండ్‌ల వచ్చిన ఫోర్డ్ కాన్సల్ కారుకు ఈ స్ట్రట్టు పెట్టిన్రు. తక్కువ ముక్కలు, తక్కువ జాగ, తక్కువ ఖర్చు. చిన్న కారుకు ఇంతకన్న ఏం గావాలె? 1983ల మన దగ్గర మారుతి 800 వచ్చినప్పుడు దాని ముందటి చక్రాలకూ ఇదే. ఇయ్యాల మన ఊర్లల్ల తిరిగే చిన్న కార్లల్ల చానవాటికి ఇదే.

ఇగ పని సంగతి. స్ప్రింగు బండి బరువు మోస్తది. గుంత వస్తే ముడుసుకుంటది. కని ముడుసుకున్న స్ప్రింగు ఊరుకోదు, మల్ల లేస్తది, మల్ల పడ్తది, బంతి లెక్క ఎగురుతనే ఉంటది. ఆ ఎగురుడును ఆపేది షాకబ్జర్. దాని గొట్టంల నూనె ఉంటది. నూనెల ఒక పిస్టన్, ఆ పిస్టన్‌కు సన్నటి బొక్కలు ఉంటయి. మన ఇంట్ల బూరెలు తీసే జల్లిగంటె యాదికి తెచ్చుకోర్రి. నూనెల మెల్లగ ముంచితే సులువుగ దిగుతది. జోరుగ ఊపితే నూనె అడ్డం పడ్తది. పిస్టన్ కూడ గంతే. స్ప్రింగు జోరుగ ఎగరబోతే నూనె పట్టి ఆపుతది. ఆ ఎగిరే బలమంత వేడిగ మారుతది. గుంతల రోడ్డు మీద నడిపినంక షాకబ్జర్ గొట్టం వెచ్చగ ఉండేది అందుకే.

చానమంది ఇక్కడ్నే తప్పు లెక్క కడ్తరు. షాకబ్జర్ అంటే సుఖానికి పెట్టింది, నడుము నొయ్యకుంట ఉండేతందుకు పెట్టింది అనుకుంటరు. "నడుమే గదా, తట్టుకుంట" అంటరు. కని దాని అసలు పని టైరును రోడ్డుకు అంటిపెట్టి ఉంచుడు. గాల్ల ఉన్న టైరు బ్రేక్ పట్టది, స్టీరింగ్ మాట వినది. బ్రేక్ ఎంత కొత్తదైనా, ఏబీఎస్ ఉన్నా, టైరు రోడ్డును ముట్టకపోతే ఏం ఫాయిదా? మేకల మంద కాడ మాకు జరిగింది గదే.

ఎన్ని రోజులు బతుకుతది?

షాకబ్జర్లు తయారుచేసే కంపెనీలు చెప్పే అంచనా ఏందంటే, మామూలు రోడ్డు మీద బండి ఒక కిలోమీటర్ పోతే షాకబ్జర్ వెయ్యి సార్లకు పైనే కదులుతది. 80 వేల కిలోమీటర్లు పోయే వరకు 8 కోట్ల సార్లు. మనిషి చేసిన ఏ వస్తువైనా 8 కోట్ల సార్లు కదిలినంక కొత్తదాని లెక్క ఉండది. లోపటి నూనె పలసబడ్తది, సీలు అరుగుతది, పిస్టన్ వాల్వులు వదులైతయి.

అందుకే 80 వేల కిలోమీటర్లు దాటితే కచ్చితంగ చూపెట్టాలె అని చెప్తరు. చూపెట్టుడు అంటే మార్చుడు కాదు, జర గుర్తుపెట్టుకోర్రి. హైవే మీద మెల్లగ తిరిగే బండికి లక్ష దాటినా నడుస్తయి. గుంతల రోడ్ల మీద రోజూ కిరాయికి కొట్టే బండికి అందుల సగానికే పోవచ్చు. క్యాలెండర్, మీటర్ రెండూ అంచనాలే. అసలు తీర్పు బండిని చూసినంకనే.

సెకండ్ హ్యాండ్ బండి కొనేటోళ్లకు ఒక్క మాట. 70 వేల నుంచి లక్ష కిలోమీటర్ల నడుమ అమ్మకానికి వచ్చే బండ్లకు ఈ ఖర్చు ముందట్నే ఉంటది. ముందటి రెండు స్ట్రట్లు, వాటి రబ్బర్లు, మజూరి కలిపితే చిన్న కారుకు రెండు కొత్త టైర్ల ఖరీదుకు అటు ఇటు అయితది. బేరం ఆడేటప్పుడే అది లెక్కల పెట్టుర్రి. అరిగిపోయిన సామాన్లకు ఇన్సూరెన్స్ పైసలు ఇయ్యది.

మీరే చూసుకునే పరీక్షలు

మొదటిది, నూనె. చక్రం ఎనక టార్చి కొట్టి చూడుర్రి. గొట్టం మీద సన్నగ తేమ లెక్క ఉండి దుమ్ము అంటితే భయపడొద్దు, అది మామూలే. నూనె కారి గొట్టం పొడుగునా తడిగ మెరిస్తే సీలు పోయినట్టే.

రెండోది, టైరు. అరచెయ్యి పెట్టి టైరు చుట్టూ రుద్దుర్రి. ఒక కాడ గుంత, ఒక కాడ గడ్డ లెక్క అలలు అలలుగ తగిలితే టైరు రోడ్డు మీద ఎగురుతున్నట్టు. ఒకటే అంచు అరిగితే అలైన్‌మెంట్ కావచ్చు. అలలు లేస్తే మాత్రం షాకబ్జర్‌నూ, చక్రం బ్యాలెన్సింగ్‌నూ అనుమానించాలె. మా బావ టైర్ల మీద ఈ అలలు ఎనిమిది నెలల సంది ఉన్నయి. చదివేటోడు లేడు, అంతే.

మూడోది, బ్రేక్. ఎవ్వరు లేని సాఫ్ రోడ్డు మీద 30, 40 వేగంల బ్రేక్ వేసి చూడుర్రి. ముక్కు రవ్వంత వంగుడు మామూలే. బాగ కిందికి పోయి, ఆగినంక మల్ల ఊగితే కరాబు.

నాలుగోది, సప్పుడు. గుంతల దిగినప్పుడల్ల "టక్కు టక్కు" అంటే పైన ఉండే రబ్బరు మౌంటింగ్ గని, పక్కన ఉండే లింకు రాడ్ గని అయి ఉండొచ్చు. బండి నిలబెట్టి స్టీరింగ్ తిప్పితే స్ప్రింగు "టంగ్" మని గుంజుకుంటే పైన బేరింగ్ పట్టుకున్నట్టు. సప్పుడు రాంగనే స్ట్రట్టే పోయిందని అనుకోవద్దు. చిన్న లింకు రాడ్ మారిస్తే తీరే పనికి మొత్తం స్ట్రట్టు మార్పిచ్చేటోళ్లు కూడ ఉంటరు.

అయిదోది అందరికీ తెలిసిందే. బానెట్ మూల మీద చేతులు పెట్టి కిందికి గట్టిగ నూకి ఇడిసిపెట్టుడు. బండి లేచి ఒక్కసారి ఊగి నిలబడాలె. రెండు మూడు సార్లు ఊగితే షాకబ్జర్ సచ్చినట్టే. కని ఊగలేదంటే మంచిగున్నట్టు అనుకోవద్దు. గ్యాస్ షాకబ్జర్లు సగం అరిగినా ఈ పరీక్షల పాసైతయి. అందుకే ఒక్క పరీక్ష మీద తీర్పు చెప్పొద్దు, అన్నీ కలిపి చూడాలె.

ఎవరు సంపుతున్నరు దాన్ని?

సగం మనమే. బండి వేగం రెండింతలైతే దాంట్ల ఉండే బలం నాలుగింతలైతది. 20ల దిగే గుంతల 40ల దిగితే ఏమైతదో అక్కడ్నే సమజ్ చేసుకోర్రి. ఇంకో తప్పు, గుంతల పడేదాక బ్రేక్ పట్టుకొనే ఉండుడు. బ్రేక్ పట్టినప్పుడు ముందటి స్ప్రింగు అప్పటికే ముడుసుకొని ఉంటది. గుంత దెబ్బకు ఇంక ముడుసుకునే జాగ ఉండది, ఇనుముకు ఇనుము కొట్టుకుంటది. గుంతకు ముందే వేగం తగ్గించుర్రి. చక్రం దిగేటప్పుడు బ్రేక్ ఇడిసిపెట్టుర్రి. పైస ఖర్చు లేని మందు ఇది.

రెండోది బరువు. మేడారం జాతరకు అయిదుగురి బండిల తొమ్మిదిమంది, పైన వంట సామాన్లు. పంటలప్పుడు డిక్కీ నిండ బస్తాలు. ఒక్కనాడు అయితే ఓర్సుకుంటది. రోజూ అదే పనైతే స్ప్రింగు కుంగుతది, షాకబ్జర్ ఎప్పుడూ అడుగుకు తగులుకుంటనే ఉంటది.

మూడోది మట్టి. స్ట్రట్టు లోపటి రాడ్ అద్దం లెక్క నున్నగ ఉంటది. దాని మీద ముడుతలు ముడుతలుగ ఒక రబ్బరు తొడుగు ఉంటది, మెకానిక్‌లు బూటు అంటరు. ఆ బూటు చినిగితే పొలం మట్టి, ఇసుక రాడ్‌కు అంటి సీలును గీకుతయి. చిన్న రబ్బరు ముక్క చినిగిందని ఊరుకుంటే పెద్ద ఖర్చుకు తొవ్వ అయితది. బురద తొవ్వల తిరిగినంక చక్రాల లోపటి దిక్కు నీళ్లు కొట్టి కడుగుర్రి.

మార్పిచ్చేటప్పుడు మోసపోవద్దు

ఒకటే పోయిందని ఒకటే మార్చొద్దు. ఎడమ, కుడి రెండూ జతగ మార్చాలె. ఒక కాలికి కొత్త చెప్పు, ఒక కాలికి అరిగిన చెప్పు ఏసుకొని ఉరికితే ఎట్లుంటది? బ్రేక్ పట్టినప్పుడు బండి అట్లనే చేస్తది. బూటు, లోపటి రబ్బరు దిమ్మె, పైన మౌంటింగ్ కూడ అప్పుడే చూపెట్టుర్రి. పని ఎట్లాగూ ఇప్పుతరు, మజూరి ఒక్కసారే పడ్తది. బిగించినంక అలైన్‌మెంట్ తప్పదు. ఎందుకంటే ఈ స్ట్రట్టే చక్రం నిటారును పట్టి ఉంచేది.

పాత షాకబ్జర్‌కు బొక్క పెట్టి, నూనె పోసి, వెల్డింగ్ కొట్టి, రంగేసి "రీకండిషన్" అని తక్కువకు అమ్ముతరు. అరిగిన వాల్వులు అరిగినట్టే ఉంటయి, పోయిన గ్యాస్ రాదు. రంగు కొత్తది, పానం పాతది. ఇంక కొందరు స్ప్రింగు చుట్ల నడుమ రబ్బరు ముక్కలు పెట్టిస్తరు, బండి ఎత్తుగ కనబడ్తదని. ఆ కాడ స్ప్రింగు కదలది, మిగిలిన చుట్ల మీద భారం పడ్తది. స్టైల్ కోసం స్ప్రింగు కోపిచ్చి బండిని కిందికి దించేటోళ్లు షాకబ్జర్‌కు కదిలే జాగనే లేకుంట చేస్తున్నరు.

షెడ్డుల పని నేర్చుకుంటున్న తమ్ముళ్లకు రెండు మాటలు. ఒకటి, నట్టు ఇప్పేటప్పుడు మెరిసే రాడ్‌ను ప్లయర్‌తోని పట్టొద్దు. ఆ గీత మొదటి వారంలనే కొత్త సీలును కోస్తది. రెండోది పానం ముచ్చట. స్ట్రట్టు మీద స్ప్రింగు ముడుసుకొనే ఉంటది. స్ప్రింగ్ కంప్రెసర్ పెట్టకుంట పైనున్న నడిమి నట్టు ఇప్పితే ఆ స్ప్రింగు తూట లెక్క లేస్తది. మొఖం పగులుతది, పానాలు పోతయి. తాడు కట్టి ఇప్పుదం అంటే ఒప్పుకోవద్దు. సేఠ్ తిడితే తిట్టనియ్యి.

బైకోళ్లకు కూడ

మనల చానమందికి కారు లేదు, బైకే ఉన్నది. దానికీ ఇదే న్యాయం. ముందటి ఫోర్కుల నూనె ఉంటది, సీలు ఉంటది. రాడ్ మీద నూనె చుట్టు కనబడితే ఆలస్యం చెయ్యొద్దు. ఆ నూనె కిందికి కారి డిస్క్ బ్రేక్ మీద పడితే బ్రేక్ జారుతది. ఫోర్కు నూనె ఎన్ని కిలోమీటర్లకు మార్చాలెనో బండితోని వచ్చిన పుస్తకంల ఉంటది. ఇంజన్ ఆయిల్ యాది పెట్టుకొని ఫోర్కు నూనె మరిసేటోళ్లే ఎక్కువ.

మిగిలిన సగం తప్పు రోడ్డుది

సగం తప్పు మనది అన్న. మిగిలిన సగం సంగతి కూడ చెప్పాలె గదా. నాట్లప్పుడు కేజ్ వీల్స్ ట్రాక్టర్లు తారు రోడ్డు ఎక్కితే కొత్త రోడ్డు ఒక్క కారుల నాగలి దున్నినట్టైతది. నడపొద్దని అధికారులు ఏటా చెప్తనే ఉంటరు, మనోళ్లు నడుపుతనే ఉంటరు. అది మన రోడ్డే, మన పైసలే.

ఇగ స్పీడ్ బ్రేకర్లు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం గుండ్రటి స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలె. గంటకు 25 కిలోమీటర్ల వేగంల బండి ఇబ్బంది లేకుంట దాటాలె. మన ఊర్లల్ల ఎవరింటి ముందట వాళ్లు రాత్రికి రాత్రి సిమెంటు గడ్డ పోసుకుంటరు. అది మోకాలి చిప్ప లెక్క ఉంటది, దానికి రంగు ఉండది, బోర్డు ఉండది. పిల్లల కోసమని పోస్తరు, మంచి ఆలోచనే. కని చీకట్ల బైక్ మీద వచ్చే ఇంకొకల పిల్లల సంగతేంది? కొలత ప్రకారం పెట్టాలని పంచాయతీల అడిగితే అందరికీ మంచిది.

గుంతల సంగతికొస్తే, మీ రోడ్డు పంచాయతీరాజ్‌దా, ఆర్ అండ్ బీదా ముందు తెలుసుకోర్రి. సోమవారం కలెక్టరేట్ల ప్రజావాణిల ఫోటో పెట్టి దరఖాస్తు ఇయ్యుర్రి, రసీదు తీసుకోర్రి. 2019ల మోటార్ వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు 198-ఏ అనే సెక్షన్ చేర్చిన్రు. రోడ్డు ప్రమాణాలు పాటించకపోవుడు వల్ల మనిషి పానం పోయినా, అవిటితనం వచ్చినా కాంట్రాక్టర్‌కు, బాధ్యత ఉన్న సంస్థకు లక్ష రూపాయల దాక జరిమానా పడొచ్చు. పానం పోయినంక లక్ష ఏంటికి అంటరు, నిజమే. కని దరఖాస్తు రసీదు చేతుల ఉంటే "మాకు తెల్వదు" అనే మాట వాళ్ల నోటికి రాదు.

మా బావ రెండు స్ట్రట్లూ జతగ మార్పిచ్చిండు. అలైన్‌మెంట్ చేయించిండు. మొదటిసారి నడిపి వచ్చినంక అన్నడు, "బండి గింత మంచిగ ఆగుతదని నాకు తెల్వనే తెల్వదు." కొన్ననాటి సంది ఆయన సచ్చిన షాకబ్జర్ల మీదనే నడిపిండు. మంచిది ఎట్లుంటదో చూడలేదు గాబట్టి కరాబైంది ఎట్లుంటదో తెల్వలె.

ఆ పిలగాడు ఇప్పటికీ అదే మలుపు కాడ మేకలు కాస్తడు. మా బండి దూరంగ కనబడంగనే మందను పక్కకు కొడ్తడు. మేమే వేగం తగ్గించి చెయ్యి ఊపుతం. ఈ ఆదివారం బండి కడిగేటప్పుడు జర వంగి, చక్రం ఎనక టార్చి కొట్టి చూడుర్రి. అయిదు నిమిషాల పని.